వెనక్కి మోసిన తట్ట

టైలు గడప దాటి వెళ్లి వాకిట్లో పడింది. మూడు ముక్కలైంది.

హెలెన్ వంగి ముక్కలు ఏరుకుంది. అంచులు కోసుకుంటాయని ఒక్కొక్కటే తీసి చున్నీలో పెట్టుకుంది. తలెత్తి తల్లి వైపు చూడలేదు.

"ఏరు. బాగా ఏరు," అంది సుశీలమ్మ లోపలి నుంచి. "మళ్లీ దంచి మళ్లీ టైలు చేస్తారు గదా మీవాళ్లు. పారేసేది అంటూ ఏదీ ఉండదంట గదా మీ చదువులో!"

"ఇది మన చేలో దిబ్బ రాయి కాదమ్మా. ఫ్యాక్టరీ వెనకాల పడున్న తుక్కుతో చేసినారు. నీకు చూపిద్దామని తెచ్చినా, అంతే."

"ఎవరి తుక్కయితే నాకేంది? ఆ ఇంటోళ్ల రాయి ఈ గడప తొక్కకూడదని చెప్పినానా లేదా?"

స్టీఫెన్ గోడకు ఆనుకుని సద్దన్నం తింటున్నాడు. "రాయి దానంతట అది తొక్కలేదులేమ్మా. నీ కూతురు మోసుకొచ్చింది," అన్నాడు.

"నవ్వొద్దురా నువ్వు."

"నవ్వక ఏడ్వాల్నా? టైళ్ల మిషను పెడితే బండి తోలే పని నాకే ఇస్తామన్నారు. నువ్వేమో దిబ్బ తియ్యడానికి సంతకం పెట్టవు. ఇంకేం చేసేది? సోమవారం బెంగుళూరు బస్సెక్కుతా. మేస్త్రీతో మాట్లాడుకున్నా."

సుశీలమ్మ చేతిలో చెంబు సగంలో ఆగింది.

ఈ ఇంట్లోంచి పోయినవాళ్లెవరూ పోతున్నామని చెప్పి పోలేదు. పెద్ద కొడుకు జ్వరంతో పోయాడు. భర్త దగ్గి దగ్గి పోయాడు. ముందుగా రోజు చెప్పి మరీ పోయేవాడు వీడొక్కడే. అందుకే ఆమెకు ఇది మిగిలిన రెండింటికంటే భయంగా ఉంది.

"పో," అంది చివరికి. "నేను ఆ దిబ్బకి కాపలా ఉంటా."

స్టీఫెన్ గిన్నె కింద పెట్టేశాడు.

వాకిట్లో నిలబడితే దిబ్బ కనిపిస్తుంది. మార్కాపురం చుట్టూ పలకల క్వారీలున్న ప్రతి ఊళ్లోనూ ఇలాంటివి ఉంటాయి. పలకకు పనికొచ్చే రాయి కొంతే, పనికిరానిదే ఎక్కువ. ఆ పనికిరానిదంతా ఎక్కడో ఒకచోట పొయ్యాలి. లక్ష్మీనరసయ్య తన క్వారీ తుక్కును సుశీలమ్మ చేలో పోయించాడు.

ఊరికే పోయించలేదు. ఆమె భర్త కృపావరం ఆయన దగ్గరే రాయి చీల్చేవాడు. దుమ్ము రొమ్ములోకి దిగి దగ్గు పట్టాక, విచారణకు వచ్చిన అధికారుల ముందు ఉన్నదున్నట్టు చెప్పాడు. మూతికి కట్టుకునే గుడ్డ కూడా ఇయ్యలేదన్నాడు. భార్యాభర్తలిద్దరూ కర్నూలు ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చేసరికి చేను లేదు. టిప్పర్లు వచ్చిపోయాయి. గట్లతో సహా అంతా నల్లటి రాతి ముక్కల కింద పడి ఉంది.

ఆ చేలోనే వాళ్ల పెద్దకొడుకు సమాధి. ఐదేళ్ల వాడు, విశ్వాసం. కృపావరం మంచి పలకరాయి ఏరి, అంచులు సాపు చేసి, ఉలితో కొడుకు పేరు చెక్కి తలదాపున నిలబెట్టాడు. పేరు కింద ఒక పిచ్చుక. పిల్లాడు ఎప్పుడూ వాటి వెంటే పరిగెత్తేవాడని. తోక దగ్గర ఉలి జారి, పిచ్చుకకు తోక సగమే వచ్చింది. "వాడు పట్టుకోబోతే ఊడిపోయిందిలే," అన్నాడు కృపావరం. అప్పుడొక్కసారే ఆయన ఏడవడం సుశీలమ్మ చూసింది.

పంచాయితీలో లక్ష్మీనరసయ్య ఒకటే మాట అన్నాడు. "అక్కడ సమాధి ఉందని మాకు తెలవదు. రాయి ఉందని మీరంటున్నారు. మా కంటికి ఏ రాయీ కనపడలే."

అప్పటి నుంచి సమాధుల పండగ వస్తే అందరూ సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. సుశీలమ్మ దిబ్బ చుట్టూ తిరుగుతుంది. బిడ్డ ఏ వైపున ఉన్నాడో తెలియక నాలుగు దిక్కులా ఒక్కొక్కటి వెలిగించి వస్తుంది.

ఇన్నేళ్లూ ఆ దిబ్బను తియ్యమని ఆమె తిరగని చోటు లేదు. తియ్యలేదు. ఇప్పుడు యూనివర్సిటీ వాళ్లు వచ్చి తుక్కుతో టైళ్లు చెయ్యొచ్చు అన్నాక, తీస్తామంటే తీస్తామని అందరూ తయారయ్యారు. జేసీబీ వస్తుంది. బకెట్టుతో అడుగంటా గీకుతుంది. రాయితో పాటు మట్టి, మట్టితో పాటు తన బిడ్డ ఎముకలు, అన్నీ మిషన్లో పడి పొడి అవుతాయి. ఎవరి ఇంట్లోనో నేల మీద పరుచుకుంటాయి. ఎవరో నడుస్తారు.

అందుకే ఆమె టైలును విసిరికొట్టింది.

*

ఎండ ఎక్కకముందే యూనివర్సిటీ నుంచి పావని, వినయ్ కుమార్ వచ్చారు.

పావని మనుషుల అలవాట్ల మీద పరిశోధన చేస్తోంది. వస్తువును ఎవరు పారేస్తారు, ఎవరు దాచుకుంటారు, ఎందుకు దాచుకుంటారు అన్నది ఆమె చదువు. వినయ్ కుమార్ ఇంజనీరు, రాతిపొడితో ఏం చెయ్యొచ్చో చూసేవాడు. వీళ్ల దగ్గరే హెలెన్ రెండు నెలలుగా పని చేస్తోంది. ఇల్లిల్లూ తిరిగి పాత వస్తువులను ఏం చేస్తున్నారని అడిగి రాసుకు రావడం ఆమె పని.

"అమ్మా, ఇంకోసారి మాట్లాడదామని వచ్చాం," అంది పావని అరుగు మీద కూర్చుంటూ. "మీరు వద్దంటే వద్దు. బలవంతం లేదు."

"కూర్చో తల్లీ. బలవంతం చేసేది నువ్వు కాదులే."

వినయ్ కుమార్ వాకిట్లో మిగిలిన రవ్వల్ని చెప్పుతో కదిపాడు. "ఎత్తు నుంచి పడితే పగలదనే రాసుకున్నామే రిపోర్టులో!"

"పడలేదు సార్," అన్నాడు స్టీఫెన్. "విసిరింది. మా అమ్మ విసిరితే గుండ్రాయైనా పగులుద్ది. రాసుకో."

పావనికి నవ్వు వచ్చింది కానీ ఆపుకుంది. సుశీలమ్మ ముఖంలో నవ్వు లేదు.

"నేనొక మాట అడుగుతా చెప్పు తల్లీ. నీ చదువులో, తుక్కు చేసినోడు ఎవడు, మోసేవాడు ఎవడు?"

పావని కాస్త ఆలోచించింది. "నిజానికి, ఎవరు తయారు చేశారో వాళ్లే వెనక్కి తీసుకోవాలమ్మా. మా అధ్యయనంలో అది ముఖ్యమైన సూత్రం. వస్తువు ఒక చుట్టు తిరిగి మొదలైన చోటికి రావాలి."

"మొదలైన చోటికి."

"అవునమ్మా."

సుశీలమ్మ లేచి నిలబడింది. ఇన్ని రోజుల్లో ఆమె గొంతులో అంత తేట ఎవరూ వినలేదు.

"అయితే సంతకం పెడతా. టైళ్ల గురించి మీరు పెట్టే మీటింగు ఆ లక్ష్మీనరసయ్య ఇంట్లోనే గదా? మొదటి తట్ట నేను మోసుకొస్తా. ఆయన చూస్తుండగా ఆయన గుమ్మంలో పోస్తా. అందరి ముందర. పోసినాక సంతకం. జేసీబీ పెడతారో, చేతుల్తో తీస్తారో, అది ఆ తర్వాత మాట్లాడుకుందాం."

స్టీఫెన్ నోరు తెరిచాడు. వినయ్ కుమార్ పావని వైపు చూశాడు. తన మాటే తన చేతికి తిరిగి వచ్చినట్టయి పావని చున్నీ సర్దుకుంది.

హెలెన్ మాత్రం గుమ్మంలోంచి గబగబా బయటికి వచ్చింది.

"ఆ ఇంటికి వద్దమ్మా."

"ఏం?"

"ఏదన్నా చెప్పు, చేయిస్తా. జేసీబీ రాకుండా మనుషుల్తో తవ్విద్దాం. మేడమ్ గారు ఒప్పుకుంటారు. కొన్నాళ్లు ఆగు. ఆ ఇంటికి మాత్రం పోవద్దు."

"చూడు తల్లీ దీన్ని," అంది సుశీలమ్మ పావనితో. "రోజూ సాయంత్రం ఆ ఇంట్లో కూర్చుని వస్తది. ఏం రాసుకుంటదో, ఏం మాట్లాడతదో. వాళ్ల టీ తాగి తాగి మెత్తబడింది."

"టీ కోసం పోలే నేను."

"మరి దేనికే?"

హెలెన్ పెదవులు కదిలాయి. పావని ఉంది, వినయ్ కుమార్ ఉన్నాడు, అన్న ఉన్నాడు. ఆమె చేతిలోని టైలు ముక్కల మూట అలాగే పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

*

మధ్యాహ్నానికల్లా ఆదిశేషు వచ్చాడు. లక్ష్మీనరసయ్య కొడుకు. తండ్రికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయినప్పటి నుంచి క్వారీ, ఫ్యాక్టరీ అన్నీ ఇతనే చూస్తున్నాడు. మోటారు సైకిలు దిగకుండా కాలు ఆనించి నిలబడ్డాడు.

"ఏంది సుశీలమ్మా, తట్ట మోస్తావంట?"

"మోస్తా నాయనా. మా ఆయన మీకు మోసినన్ని మోయలేను. ఒక్కటి మోస్తా."

"బాగుంది. చాలా బాగుంది!" అన్నాడు ఆదిశేషు. నిజంగానే సంతోషంగా ఉన్నాడు. "మీటింగుకి పెద్దసార్లు వస్తున్నారు. రైతమ్మ స్వయంగా తెచ్చి ఇస్తే ఫోటో ఎట్ల వస్తదనుకున్నావు! తట్టకి పూలదండ చుట్టిస్తా."

సుశీలమ్మ అతని ముఖంలోకి చూసింది. తను ఉరి తాడు పేనుతుంటే అతను దానికి పూలు కడతానంటున్నాడు.

"దండ వద్దు. మీ నాయనని బయట కూర్చోబెట్టు. అది చాలు."

"నాయనకి ఒంట్లో బాగుండదు. మాట రాదు."

"చూపుంది గదా?"

ఆదిశేషు నవ్వు కాస్త తగ్గింది. "పాతవన్నీ ఎందుకు తవ్వుతావు సుశీలమ్మా? అప్పట్లో మాకు తెలవక జరిగింది. సమాధి ఉందని తెలిసుంటే మా నాయన ఒక్క బండెడు కూడా పోయించేవాడు కాదు. నా బిడ్డల మీద ఒట్టు."

"బిడ్డల మీద ఒట్లేసుకోవద్దు నాయనా," అంది ఆమె నెమ్మదిగా. "ఒట్టేసేవాళ్లకి తెలవదు బిడ్డ పోతే ఎట్ల ఉంటదో."

అతను బండి స్టార్టు చేశాడు.

ఆ సాయంత్రం హెలెన్ మళ్లీ ఆ ఇంటికే వెళ్లింది. చీకటి పడుతుండగా వచ్చింది. అన్నం ముందు కూర్చుని మెతుకులు వేరు చేస్తూ ఉండిపోయింది.

"ఆయన ఏడ్చినాడంట. మీటింగు సంగతి చెప్తే," అంది ఉన్నట్టుండి.

"ఎవరు?"

"పెద్దాయన."

"ఏడవనీ." సుశీలమ్మ కంచంలో ఇంకో గరిటె అన్నం పెట్టుకుంది. ఎన్నాళ్లకో ఆమెకు ఆకలి వేసింది. "ఇంకా ఏడవనీ. నాకు నిద్ర పట్టుద్ది."

హెలెన్ చెయ్యి కడిగేసుకుంది.

*

మీటింగు రోజు పొద్దున్నే సుశీలమ్మ చేనికి వెళ్లింది. పాత చీర ముక్కను చుట్టకుదురుగా చుట్టింది. దిబ్బ అంచున ముక్కలు ఏరి తట్టలో వేసుకుంది. అడుగున పొడి, పైన రాయి.

"ట్రాక్టరు పిలుస్తానమ్మా," అన్నాడు స్టీఫెన్. "నడుం పట్టుకుంటది."

"మీ నాయనకి ఎవరు పిలిచినారు ట్రాక్టరు?"

అతనే ఎత్తి ఆమె తల మీద పెట్టాడు. బరువు దిగగానే మెడ లోపలికి పోయినట్టయింది. కళ్ల ముందు ఒక్క క్షణం ఏమీ కనపడలేదు. తర్వాత బాట కనపడింది.

చర్చి దాటింది. బోరింగు దగ్గర నీళ్లు పట్టే ఆడవాళ్లు బిందెలు వదిలేసి చూశారు. ఎవరూ పలకరించలేదు. ఒకామె మాత్రం ఆమె వెనకాల నాలుగడుగులు నడిచి ఆగిపోయింది. పెద్దవీధిలోకి తిరిగాక చెప్పుల చప్పుడు, తట్టలో రాయి కదిలే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఈ వీధిలో ఆమె ఎప్పుడూ గోడవారగా నడిచేది. ఈవేళ నడిమధ్యన నడిచింది.

లక్ష్మీనరసయ్య ఇంటి ముందు షామియానా వేశారు. కుర్చీల్లో పెద్దసార్లు. పావని మైకు పట్టుకుని ఏదో చెబుతోంది. వసారాలో కుర్చీలో పెద్దాయన ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది. ఎడమ చెయ్యి కుర్చీని పట్టుకుని ఉంది. ఆయన పక్కన నేల మీద హెలెన్ కూర్చుని ఉంది.

కూతురు అక్కడ కూర్చోవడం చూసి సుశీలమ్మ అడుగు తడబడింది. ఆగలేదు.

నేరుగా గుమ్మం ముందుకు వెళ్లి తట్టను వంచింది. రాయి గలగలమని రాలింది. వెనకే పొడి లేచింది. నల్లటి దుమ్ము ముగ్గు మీద, మెట్ల మీద, పెద్దాయన పంచె మీద పడింది.

"నరసయ్యా," అంది. ఆయన్ని పేరు పెట్టి పిలవడం ఆమె పుట్టి ఇదే మొదలు. "నీ రాయి నీకు తెచ్చినా. కృపావరం రొమ్ములో పోసింది తేలేను. అది ఆయనతో పాటే పోయింది. నా బిడ్డ మీద పోసింది తెచ్చినా. కళ్లారా చూసుకో."



చప్పట్లు మోగాయి.

పెద్దసార్లు లేచి మరీ కొట్టారు. ఆదిశేషు అందరికంటే గట్టిగా కొట్టాడు. ఫోనులు పైకి లేచాయి. "ఇటు చూడమ్మా, ఇటు," అన్నారెవరో. ఆమె అన్న మాటలు ఒక్కటీ వాళ్ల చెవిన పడలేదు.

చప్పట్లు కొట్టనిది ముగ్గురే. స్టీఫెన్ కొట్టలేదు. హెలెన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన ఒళ్లో పడ్డ దుమ్ము వైపు చూశాడు, సుశీలమ్మ వైపు చూశాడు. ఆయన ముఖంలో బాగున్న సగం అదిరింది. మెల్లగా తల గోడ వైపు తిప్పుకున్నాడు.

చప్పట్లు ఎట్లా పోతే ఏం. ఆ తల తిప్పడం ఒక్కటే చాలనుకుంది సుశీలమ్మ. ఇన్నేళ్ల తర్వాత రొమ్ములో ఏదో చల్లగా దిగింది.

"చేతులు కడుక్కుందురు గాని రండమ్మా," అంది పావని వచ్చి ఆమె భుజం పట్టుకుని.

వాకిట్లో ఒక పక్కన నీళ్ల తొట్టి ఉంది. ఆ ఇంటివాళ్లు తాగే నీళ్లు. కృపావరం ఈ వాకిట్లో ఎన్నో ఏళ్లు పని చేసినా, దాహమైతే ఎవరో పైనుంచి దోసిట్లో పొయ్యాల్సిందే. ఆ తొట్టి దాపులకు ఆయన కులంవాళ్లు ఎవరూ పోయి ఎరగరు.

"మేడమ్, వద్దు!" హెలెన్ వసారా దిగి పరిగెత్తుకొచ్చింది. "బోరింగు కాడ కడుక్కుంటదిలే. నేను తీసుకుపోతా. అమ్మా, దా."

"ఇక్కడెందుకు కడుక్కోకూడదు?" పావని గొంతులో కోపం ధ్వనించింది. ఆ ఊళ్లో అలాంటి అడ్డు చెబుతున్నది హెలెనే కావడం ఆమెకు నచ్చలేదు. "ఈ రోజున కూడానా? రండమ్మా. పైగా ఈ తొట్టి మీది మూతే మా ప్రదర్శనలో మొదటి ఫోటో. ప్లాస్టిక్ మూత కొనకుండా ఎన్నో ఏళ్లుగా పలకరాయినే వాడుతున్నారు. హెలెన్ సర్వేలోనే దొరికింది మాకు."

వసారా మీదున్న ఆదిశేషు భార్య లక్ష్మీకుమారి అందుకుంది. "నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఉంది మేడమ్. మారుద్దామంటే మా మామ ఒప్పుకోలే. ఎవర్నీ తిరగెయ్యనిచ్చేవాడు కాదు, పక్కకు జరిపి నీళ్లు ముంచుకోవాల్సిందే."

పావని రెండు చేతులా మూతను పైకి లేపి, తొట్టికి ఆనించి నిలబెట్టింది. ఇన్నాళ్లూ నీళ్ల వైపు ఉన్న ముఖం ఇప్పుడు ఎండలోకి వచ్చింది.

తడికి పచ్చగా పాచి పట్టింది. పాచి కింద గీతలు.

సుశీలమ్మ వంగలేదు, మోకాళ్ల మీద కూలబడింది. దుమ్ము చేతులతోనే పాచిని తుడిచింది. ముందు 'వి' కనపడింది. పూర్తిగా చదవాల్సిన పని లేదు. ఆమె చెయ్యి నేరుగా కిందికి పోయింది. రెక్క తగిలింది. ముక్కు తగిలింది.

తోక సగమే ఉంది.

ఎవరో మైకు ఆపేశారు.

"ఏ రాయీ కనపడలేదన్నావు," అంది ఆమె. గట్టిగా అనలేదు. అయినా వసారా దాకా వినపడింది. "పంచాయితీలో. పెద్దమనుషుల ముందర. ఏ రాయీ కనపడలేదన్నావు."

పెద్దాయన గోడ వైపే చూస్తున్నాడు.

"ఆదిశేషూ! ఒట్టేసినావు గదరా! నీ బిడ్డల మీద!"

"నాకు తెలవదు సుశీలమ్మా." ఆదిశేషు ముఖం పాలిపోయింది. "నిజంగా తెలవదు. అది మా మూత. చిన్నప్పట్నించీ అక్కడే ఉంది..."

సుశీలమ్మ రాయిని ఒళ్లోకి లాక్కుంది. చిన్నపిల్లవాడి సమాధి రాయి. అంత పెద్దదేం కాదు. చుట్టూ చూసింది. పావని ముఖం తెల్లబోయి ఉంది. స్టీఫెన్ పిడికిళ్లు బిగించి ఆదిశేషు వైపు నడుస్తుంటే ఎవరో నడుం పట్టుకుని ఆపారు. లక్ష్మీకుమారి మెడ సాచి ఆ అక్షరాలు చదవడానికి చూస్తోంది.

అందరూ రాయినే చూస్తున్నారు. హెలెన్ ఒక్కతే చూడటం లేదు. ఆమె నేల చూపులు చూస్తోంది.

సుశీలమ్మకు అర్థమైంది.

"నీకు తెలుసు."

హెలెన్ చున్నీ కొంగు వేలికి చుట్టుకుంది.

"సర్వేకి వచ్చి, ఎవరూ చూడకుండా ఈ తొట్టిలో నీళ్లు తాగినావు. మూత ఎత్తినావు. పేరు చూసినావు. ఇంటికొచ్చి నా పక్కన పడుకున్నావు."

"అమ్మా..."

"మీ అన్న మీదున్న రాయితో నీళ్లు మూసుకుంటుంటే, దాన్ని ఫోటో తీయించినావే!"

"ఫోటో నేను తీయించలే. నేను చూడకముందే వాళ్లు తీసేసినారు." హెలెన్ ఆమె ముందు కూర్చుంది. ఇప్పుడు ఆమె కళ్లలోకే చూసింది. "రాయి దొరికితే ఏమొస్తదమ్మా? ఎక్కడి నుంచి పెరికినారో తెలియాల గదా. గట్లు కూడా లేవు. జేసీబీ వచ్చేలోగా అది తెలియాల. తెలిసినోడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు."

సుశీలమ్మ చేతులు రాయి మీద ఆగిపోయాయి.

"అందుకే రోజూ వచ్చినా. ఆయనకి మాట రాదు. పక్కన కూర్చుని అడిగినా. మొదట్లో తల తిప్పేసుకునేవాడు. నేను పోలే. అన్నం తినిపించినా. అప్పుడు ఏడ్చినాడు. నిన్న సాయంత్రం, మీటింగయినాక చేనికి తీసుకుపొమ్మని ఎడమ చేత్తో సైగ చేసినాడు. చోటు చూపిస్తానన్నాడు. ఈ రోజే అమ్మా. ఇంకో గంటలో."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏం చేసేదానివి?"

జవాబు ఆ గుమ్మం ముందే కుప్పగా పడి ఉంది.

హెలెన్ లేచి వసారా ఎక్కింది. పెద్దాయన కుర్చీ ముందు కూర్చుని ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. "తాతా. చూపిస్తానన్నావు గదా. కారులో తీసుకుపోతాం. ఆ దిబ్బ కాడ దించుతాం. నువ్వు చెయ్యి చూపిస్తే చాలు. తాతా, ఇటు చూడు."

ఆయన ఎడమ చెయ్యి కుర్చీ మీద నుంచి లేచింది. స్టీఫెన్‌ని పట్టుకున్నవాళ్లు వదిలేశారు. ఆదిశేషు ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ చెయ్యి ఎటూ చూపించలేదు. పంచె మీదికి దిగింది. దుమ్మును ఒకసారి, రెండుసార్లు, దులుపుకుంది. ఆ తర్వాత ముడుచుకుని పిడికిలైంది.

"తాతా!"

ఆయన తల తిప్పాడు. హెలెన్ వైపు కాదు, సుశీలమ్మ వైపు కూడా కాదు. తెరిచి ఉన్న తొట్టి వైపు. గుమ్మం ముందు లేచిన పలకదుమ్ము ఇంకా గాలిలోనే ఉంది. మెల్లగా, నల్లగా నీళ్ల మీదికి దిగుతోంది.

ఆయన పెదవులు ఎంతోసేపు కదిలాయి. ఏ మాటా రాని నోట్లోంచి ఒక మాట బయటికి వచ్చింది. అందరికీ వినపడింది.

"మూత," అన్నాడు లక్ష్మీనరసయ్య. "మూత పెట్టండి."

సుశీలమ్మ కొడుకు రాయిని రొమ్ముకు అదుముకుంది. ఆమె కదల్లేదు. ఆ వాకిట్లో ఎవరూ కదల్లేదు. దుమ్ము మాత్రం దిగుతూనే ఉంది.